గూడు ఇక్కడ కడితే సైబీరియా పక్షి ఎలా అవుతుంది?

ఏటా వానాకాలం ముగిసేసరికి జిల్లా ఎడిషన్లలో ఒక వార్త తప్పకుండా వస్తుంది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం తేలినీలాపురంలో చెట్ల మీద పెద్ద పెద్ద పక్షులు, పైన సైబీరియా అతిథులు వచ్చేశారంటూ హెడ్డింగు. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి, ఇక్కడ గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని మళ్లీ సైబీరియా వెళ్లిపోతాయని రెండు పేరాలు. టీవీ వాళ్లయితే వెనక వేణువు కూడా వేస్తారు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో తొలకరికి దిగే నత్తగుల్ల కొంగలకీ ఇదే వార్త, ఇదే సైబీరియా.

ఆ ఫొటోల్లో ఉండేవి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఈ రెండిటికీ సైబీరియాతో చుట్టరికం లేదు. మన దగ్గర కనిపించే ఈ బూడిదరంగు గూడబాతు ప్రపంచం మొత్తం మీద గూడు కట్టేది భారతదేశం, శ్రీలంక, కంబోడియాల్లోనే. వానలు పడి చెరువులు నిండితే వస్తుంది, నీళ్లు తగ్గితే మరో చెరువు వెతుక్కుంటుంది. దాని తిరుగుడంతా ఈ చుట్టుపక్కలే. పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు దగ్గర ఒకప్పుడు వేల గూళ్లుండేవి. 1940లలో నీలకంఠన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు దాని గురించి రాస్తే బయటి ప్రపంచానికి తెలిసింది. కొన్ని దశాబ్దాలకే అక్కడ ఏమీ మిగల్లేదు. అంటే ఈ పక్షి మనది, మన దగ్గరే పుట్టింది, మన దగ్గరే చెదిరిపోయింది.

అసలు ఇందులో పక్షి శాస్త్రం చదవనక్కర్లేని లెక్క ఒకటుంది. వలస పక్షి గుడ్లు పెట్టే చోటు ఒకటి, చలికాలం గడిపే చోటు ఇంకొకటి. సైబీరియాలో గుడ్లు పెట్టే పక్షి అక్కడ మంచు కరిగిన జూన్‌లో పెడుతుంది. అది డిసెంబరులో ఇక్కడికొచ్చి మరో విడత పెట్టదు. ఇక్కడ పిల్లల్ని చేసిందంటే అది ఇక్కడి పక్షి, అంతే. తేలినీలాపురం ఊరివాళ్లకు ఈ విషయం పేపర్ల వాళ్లకంటే బాగా తెలుసు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటామంటారు వాళ్లు.

ఈ సైబీరియా పిచ్చి ఎక్కణ్ణించి వచ్చిందో నాకో అనుమానం ఉంది. చిన్నప్పుడు పాఠాల్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల కేంద్రం, అక్కడికి వచ్చే సైబీరియా కొంగ ఉండేవి. ఆ కొంగ భరత్‌పూర్‌కు 2002 తర్వాత రానేలేదు. పక్షి పోయినా పేరు మిగిలింది, ఎక్కడ పెద్ద పక్షి కనబడితే దానికల్లా అంటుకుంది.

పోనీలే, ఏ పక్షి ఎక్కడిదైతే ఏమైంది అంటారేమో. ఏమైందంటే, దీనివల్ల మన కళ్లన్నీ చెట్టు మీది గూటి దగ్గరే ఆగిపోయాయి. నిజంగా ఆర్కిటిక్ నుంచి, టిబెట్ పీఠభూమి నుంచి వచ్చేవి కోస్తా బురదలో మన కాళ్ల ముందే తిరుగుతుంటాయి. అవి చిన్నవి, మట్టి రంగువి, ఫొటోకి పనికిరావు. వాటికి హెడ్డింగు లేదు. వాటి నేలకు విలువా లేదు.

కాకినాడలో కుంభాభిషేకం రేవు వైపు బురద పర్ర ఉంది. సముద్రం పాటు మీద ఉన్నప్పుడు నీళ్లు వెనక్కి పోయి, నల్లటి మెత్తటి నేల బయటపడుతుంది. శీతాకాలం పొద్దున్నే వెళ్లి ఒకచోట కదలకుండా కూర్చుంటే చాలు. ముందు ఏమీ లేదనిపిస్తుంది. కాసేపటికి బురదే కదులుతున్నట్టు ఉంటుంది. పిచ్చుకకన్నా కాస్త పెద్ద పిట్ట నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగుతుంది, తల వంచి చూస్తుంది, ఒక్క పోటు పొడిచి మళ్లీ పరుగు. అది టిబెటన్ శాండ్ ప్లోవర్. దాని పక్కనే ఇంకొకటి, కొద్దిగా కిందికి వంగిన పొడవాటి ముక్కుతో, పరుగులేమీ లేకుండా కుట్టుమిషన్ సూదిలా బురదను పొడుచుకుంటూ పోతుంది. అది కర్ల్యూ శాండ్‌పైపర్. ఒకసారి దాని ముక్కుకు వానపాములాంటి పురుగు దొరికింది. గట్టిగా లాగితే తెగిపోతుందని దానికి తెలుసు. కాస్త లాగి, ఆగి, పురుగు పట్టు సడలగానే మళ్లీ లాగి, చివరికి మొత్తం బయటికి తీసి, పక్క గుంటలో కడుక్కుని మరీ మింగింది.

ఈ రెండిటి కథలూ వేరు. శాండ్ ప్లోవర్ విషయంలో తమాషా ఏమిటంటే, 2022 ప్రాంతంలో శాస్త్రజ్ఞులు జన్యువులు చూసి, ఒకే జాతి అనుకున్నదాన్ని రెండుగా విడదీశారు. ఒకటి సైబీరియన్, రెండోది టిబెటన్. సైబీరియన్ అని పేరున్నది ఎక్కువగా ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలకు పోతుంది. మన దగ్గరికి వచ్చేది టిబెటన్. అది గూడు కట్టే చోట్లలో లడఖ్ కూడా ఉంది. రేవులో పడవల చుట్టూ అరుస్తూ తిరిగే బ్రౌన్‌హెడెడ్ సీగల్ కూడా అంతే. నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉన్న త్సో మోరిరి లాంటి ఉప్పు సరస్సుల ఒడ్డున గుడ్లు పెడుతుంది. సముద్రపు పక్షి అంటాం గానీ, అది పుట్టేది సముద్రానికి అందనంత దూరంలో, కొండల మధ్య. విదేశీ అతిథి అంటూ మనం చూపించేవాటిలో కొన్నిటి చిరునామా లడఖ్ అన్నమాట.

చలికాలంలో ఈ సీగల్ తల తెల్లగా ఉంటుంది, కన్ను వెనక ఒక నల్లటి చుక్క మాత్రం ఉంటుంది. మార్చి వచ్చేసరికి తల గోధుమరంగుకు తిరగడం మొదలవుతుంది. సగం తెలుపు, సగం గోధుమ, జుట్టుకు రంగేసుకుంటూ మధ్యలో లేచొచ్చినట్టు అవకతవకగా ఉంటాయి. ప్రయాణం దగ్గర పడిందని అదే గుర్తు.

కర్ల్యూ శాండ్‌పైపర్ మాత్రం నిజంగా సైబీరియాదే. ఉత్తరాన తైమిర్ ద్వీపకల్పం, ఆ చుట్టుపక్కల టండ్రా, అంటే చెట్లు మొలవని మంచు నేల. జూన్‌లో గుడ్లు. మగపక్షి గుడ్లు పొదగదు, పిల్లల్ని చూడదు, జూలై మొదట్లోనే బయల్దేరిపోతుంది. తల్లి పిల్లలతో ఇంకొన్ని వారాలుండి అదీ వచ్చేస్తుంది. పిల్లలు చివరన బయల్దేరతాయి. పెద్దలెవరూ దారి చూపరు. పుట్టి రెండు నెలలైనా కాని, యాభై అరవై గ్రాముల పిట్ట ఎన్నడూ చూడని తీరానికి ఖండం దాటుకుని వస్తుంది. అక్కడ ఎలుకల్లాంటి లెమ్మింగులు బాగా పెరిగిన ఏడాది నక్కలు వాటిని తింటూ పక్షి గూళ్ల జోలికి పెద్దగా రావు. లెమ్మింగులు పడిపోయిన ఏడాది నక్కలు గూళ్ల మీద పడతాయి. ఆ శీతాకాలం మన తీరాల మీద పిల్ల పక్షులు పలచబడతాయి. అంటే తైమిర్‌లో ఎలుకల పంట ఎలా ఉందో దక్షిణాది బురదలో కూర్చుని లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు నెలలు కూడుకోండి. టండ్రాలో పెద్ద పక్షి ఉండేది ఒకటి రెండు నెలలు. దారిలో రానూ పోనూ కొన్ని వారాలు, కొన్ని చోట్ల మజిలీలు. మిగతా ఏడాదంతా దక్షిణాదినే. ఇక్కడ ఊరికే ఎండ కాచుకోవడం ఉండదు. పాత రెక్క ఈకలన్నీ ఒక్కొక్కటిగా రాల్చి కొత్తవి మొలిపించుకునేది ఇక్కడే, దానికే మూడు నాలుగు నెలలు పడుతుంది. తిరుగు ప్రయాణానికి కొవ్వు పట్టించుకునేదీ ఇక్కడే. దూరప్రయాణం చేసే ఇలాంటి పక్షుల్లో బయల్దేరే ముందు జీర్ణకోశం, పేగులు కుంచించుకుపోతాయి, ఎగిరే కండలు పెరుగుతాయి. దారిలో తిండి ఉండదు కదా, ఆ బరువెందుకని. 2022లో ట్యాగు వేసిన ఒక పిల్ల గాడ్‌విట్, అదీ ఇలాంటి బురద పక్షే, అలాస్కా నుంచి టాస్మానియాకు 13,560 కిలోమీటర్లు ఆగకుండా పదకొండు రోజుల్లో ఎగిరింది. అది మన దారి పక్షి కాదు, అయినా చెబుతున్నాను, ఎందుకంటే ఆ ప్రయాణానికి కావాల్సిన పెట్టుబడంతా ఏదో ఒక తీరంలోని బురదలోంచి పురుగు పురుగుగా కూడబెట్టిందే.

బురద పోతే ఏమవుతుంది? ఇంకోచోటికి వెళ్తాయిలే అంటారు. ఈ మాట ఇంజనీర్ల నోట విన్నాను, నాయకుల నోట విన్నాను, చదువుకున్న మిత్రుల నోట కూడా విన్నాను. దీనికి జవాబు దక్షిణ కొరియాలో ఉంది. సెమాంగుమ్ అనే చోట 33 కిలోమీటర్ల గోడ కట్టి, 2006లో సముద్రాన్ని మూసేశారు. ఆస్ట్రేలియా నుంచి ఉత్తరానికి పోయే గ్రేట్ నాట్ అనే ఉల్లంకి జాతి పిట్టలకు అదే పెద్ద మజిలీ. గోడ మూసుకున్నాక వాటి కోసం పక్క తీరాలన్నీ వెతికారు. పోయినన్ని పక్షులు పక్కన పెరగలేదు. ఆస్ట్రేలియా తీరాల్లో లెక్కలు కూడా పడిపోయాయి. ఆ జాతి ఇప్పుడు ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో ఉంది. ఎక్కడికీ వెళ్లలేదవి, చచ్చిపోయాయి. పక్క బురద ఖాళీగా ఉండి ఉంటే కదా వెళ్లడానికి, అక్కడ అప్పటికే వేరేవి తింటున్నాయి. తర్వాత చైనా పచ్చసముద్రపు తీరంలో కొంత భాగం 2019లో, కొరియా బురద తీరాలు 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. ఆ బుద్ధేదో గోడకు ముందు ఉంటే బాగుండేది.

ఈ చివర దెబ్బ ఆ చివరా తగులుతుంది, ఆ చివరది ఇక్కడా తగులుతుంది. 2016లో రెడ్ నాట్లు అనే ఇంకో ఉల్లంకి జాతి పిట్టల మీద ఒక పరిశోధన వచ్చింది. తైమిర్‌లో మంచు ముందుగా కరిగిపోతోంది. పురుగులు ముందే పుట్టి ముందే అయిపోతున్నాయి. పిల్లలు లేచేసరికి తిండి తగ్గిపోయి, చిన్నగా, పొట్టి ముక్కుతో పెరుగుతున్నాయి. ఆ పొట్టి ముక్కుతో ఆఫ్రికాలో మౌరిటేనియా తీరానికి చేరితే బురదలో లోతున ఉండే గుల్లలు అందవు. అక్కడ చచ్చిపోతున్నాయి. తప్పు జరిగింది ఆర్కిటిక్‌లో, శవం దొరికింది ఆఫ్రికాలో. ఇలాంటి బతుకును ఒక దేశం గూటిని కాపాడి, మరో దేశం అతిథి మర్యాద చేసి నిలబెట్టలేవు.

మన చట్టం దీన్ని ఎలా చూస్తుందో కూడా చెప్పాలి. 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లో, అదే సీఆర్‌జెడ్‌లో, అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితా ఒకటుంది. అందులో పక్షులు గూళ్లు కట్టే ప్రదేశాలు ఉన్నాయి. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలు ఉన్నాయి. పక్షులు మేత మేసే ప్రదేశాలని విడిగా లేదు. బురద నేలలు ఉన్నాయి గానీ, జీవం చురుగ్గా ఉన్న బురద నేలలట. చురుగ్గా ఉందో లేదో ఎవరు చెప్పాలి? ఏ నెలలో చూసి చెప్పాలి? పోటు మీద పడవలో వెళ్లి చూస్తే నీళ్లు తప్ప ఏమీ కనబడవు. మే నెల మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తే ఎండి పగిలిన నేల కనబడుతుంది. ఆ రెండు ఫొటోలతో నివేదిక రాసేసుకోవచ్చు. ఇక 2017 చిత్తడి నేలల నిబంధనలు సీఆర్‌జెడ్ కిందికి వచ్చేవాటిని తమ పరిధిలోంచి తప్పించాయి. ఉప్పు మడులనూ వదిలేశాయి. ఉప్పు మడుల్లో ఈ పిట్టలు ఎన్ని ఉంటాయో నౌపడా వైపు చలికాలంలో రైల్లో వెళ్లినా కనబడుతుంది.

నౌపడా అంటే మళ్లీ తేలినీలాపురం దగ్గరికే వచ్చాం. గూడబాతులకు గూడు ఊళ్లో చెట్టు మీద. చేపలు మాత్రం ఊళ్లో దొరకవు, నౌపడా చిత్తడిలో, తంపర భూముల్లో, అంటే నీళ్లు నిలిచే పల్లపు నేలల్లో దొరుకుతాయి. ఆ కాకరాపల్లి తంపరలోనే థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టబోయారు. 2011 ఫిబ్రవరిలో అక్కడ కాల్పులు జరిగి మనుషుల ప్రాణాలు పోయాయి. దానికి ఏడు నెలల ముందు, 2010 జూలై 14న, సోంపేట బీల అనే చిత్తడి నేల కోసం జరిగిన గొడవలోనూ అంతే. కాగితాల మీద పనికిరాని భూమి, ఊరివాళ్లకు తాగునీరు, సాగునీరు, చేపలు. సోంపేట ప్లాంటు అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ రద్దు చేసింది, అదీ అక్కడ కాల్పులు జరిగిన రోజునే. ఆ పోరాటాలు పక్షుల కోసం జరిగినవి కావు. అయినా పక్షి మేసే నేల, మనిషి బతికే నేల ఒకటేనని అంత స్పష్టంగా చూపించింది ఇంకోటి లేదు. గూళ్లున్న చెట్టుకు కంచె కట్టి, తంపరను రాసిచ్చేస్తే ఆ గూళ్లు ఎన్నేళ్లుంటాయి?

కాకినాడ పక్కన దుమ్ములపేట దగ్గర మడ అడవిని చదును చేసి ఇళ్ల స్థలాలు వేయబోతే కేసు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇక్కడ నేను సులువైన మాట చెప్పదలచుకోలేదు. ఇల్లు లేనివాడికి సెంటున్నర స్థలం చిన్న విషయం కాదు. పిట్టల కోసం పేదవాడి స్థలం ఆపుతారా అని అడిగితే నోరు పెగలదు. కానీ ఆ స్థలం ఎక్కడ ఇస్తున్నారో చూడండి. పేదవాడికి ఇల్లు ఇవ్వాల్సొచ్చినప్పుడే బురద, మడ గుర్తొస్తాయి, సముద్రం మొదట వచ్చి కొట్టేది కూడా ఆ ఇళ్లనే. ఉప్పాడ రోడ్డు ఎన్నిసార్లు కోసుకుపోయిందో, ఎన్నిసార్లు రాళ్లు పోశారో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మడ ఉన్న చోట ఒడ్డు నిలబడుతుంది. పిట్టను పక్కన పెట్టి లెక్క వేసినా అది చెడ్డ స్థలమే.

పండగల మాటకొస్తే, పులికాట్ దగ్గర సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరుగుతుంది. నేను దానికి వ్యతిరేకిని కాదు, పిల్లలు బైనాక్యులర్‌లో మొదటిసారి పక్షిని చూసేది అక్కడే. ఆ ఫ్లెమింగోలు మన దేశంలో ప్రధానంగా గూళ్లు కట్టేది కచ్ రణ్‌లో. పులికాట్ వాటికి కేవలం మేత నేల. అంటే మేత నేల విలువ చూపించడానికి ఇంతకంటే మంచి పండగ లేదు. అయినా స్టేజీ మీద ఆ మాట తప్ప అన్నీ ఉంటాయి. 2020లో గాంధీనగర్‌లో వలస జీవుల అంతర్జాతీయ సదస్సు జరిగింది. మన దేశమే ఆతిథ్యం. దాని నినాదంలో వలస జీవులను మనమంతా ఇంటికి ఆహ్వానిస్తున్నామని ఉంది. ఆ నినాదం రాసినవాళ్లకు విషయం తెలుసు.

రేవులో ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటుంటే ఈ సీగల్స్ ఎక్కణ్ణించి వస్తాయో తెలుసా అని అడిగాను, కొంచెం గొప్పగానే. ఆయన తలెత్తకుండానే, "ఇవెప్పుడూ ఉండేవేగా అండి" అన్నాడు. ఎండాకాలంలో వెళ్లిపోతాయి కదా అన్నాను. "అన్నీ ఎక్కడెళ్తాయండి, కొన్ని ఉంటాయి. మీరే రారు అప్పుడు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కర్ల్యూ శాండ్‌పైపర్ లాంటి చాలా జాతుల్లో ఏడాది నిండని పక్షులు మొదటి వేసవికి ఉత్తరానికి పోవు. టండ్రాలో వాటికి పనేమీ లేదు, గూడు కట్టే వయసు రాలేదు. బూడిదరంగులోనే ఇక్కడ బురద మీద ఉండిపోతాయి. అంటే ఒక పక్షి ఇక్కడికొచ్చిన మొదటి ఆగస్టు నుంచి రెండో ఏడాది ఏప్రిల్ దాకా, ఏడాదిన్నరకు పైగా వరసగా, దానికి తెలిసిన లోకం ఈ తీరమే. ఆ సమయంలో బురద పూడ్చే లారీలు, ఒడ్డు మీద రేసులు పెట్టే బైకులు, కుక్కలు దాన్ని తరుముతూ ఉంటే, కూడబెట్టిన కొవ్వు ఎగిరి ఎగిరి ఖర్చయిపోతుంది. సెల్ఫీ కోసం గుంపు మీదికి పరిగెత్తి లేపేవాళ్లకు తెలియదు, ఆ ఒక్క లేపుడుకు అవి మళ్లీ ఎంతసేపు మేయాలో.

మన పక్షి ప్రేమికుల లెక్కలు కూడా జనవరివే. ఆసియా నీటిపక్షుల గణన ఆ నెలలోనే జరుగుతుంది, వాతావరణం హాయిగా ఉంటుంది, సెలవులు దొరుకుతాయి. మే, జూన్ నెలల్లో బురద మీద ఎవరూ ఉండరు. ప్లాంట్లకూ రేవులకూ సర్వే చేసేవాళ్లు ఎండాకాలంలో వచ్చి ఇక్కడ పక్షుల్లేవని రాసుకుపోతే, కాదని చూపించడానికి మన దగ్గర కాగితం ఉండదు. కాకినాడ, భీమిలి, మచిలీపట్నం వైపు ఉన్న కుర్రాళ్లలో ఇప్పుడు మంచి కెమెరాలున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ జూన్‌లో పాటు వేళలు చూసుకుని, ఎండెక్కకముందే ఒక గంట వెళ్లండి. కనబడినవి లెక్కపెట్టి, తేదీ, చోటు వేసి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో ఎక్కించండి. అందమైన ఫొటో రాదు. గొడుగు, మంచినీళ్లు తీసుకెళ్లండి, రబ్బరు చెప్పులు బురదలో ఇరుక్కుపోతాయి, బూట్లు నయం.